సూరత్ విమానాశ్రయం: హోదాకు ముందు, హోదాకు తరువాత

2023 డిసెంబర్ 15న కేంద్ర మంత్రివర్గం సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ప్రకటించింది. మరి రెండు రోజులకే ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ కొత్త టెర్మినల్‌ను, సూరత్ డైమండ్ బోర్స్‌ను ఒకే రోజున ప్రారంభించారు. ఈ తేదీల పొందిక కాకతాళీయమని నమ్మడం కష్టం. వజ్రాలు కొనవచ్చే విదేశీయుడు ముంబైలో దిగి సూరత్‌కు రావలసినంత కాలం అంతటి భవనానికి ప్రయోజనమేమిటన్నది వర్తకుల ప్రశ్న. ప్రభుత్వం దానికి సమాధానం చెప్పింది.

నిజానికి ఈ నగరానికి విదేశీ రాకపోకలు కొత్త కావు. మొగలుల ఏలుబడిలో పశ్చిమ తీరానికి ఇదే ప్రధానమైన రేవు. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు గనుక మక్కా ద్వారమన్న పేరు వచ్చింది. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టగా, జహంగీర్ అనుమతితో 1613లో సూరత్‌లో కోఠీ నెలకొల్పారు. 1664లోను, 1670లోను శివాజీ ఈ నగరాన్ని కొల్లగొట్టాడంటే ఇక్కడ పోగుపడిన సంపద ఎంతటిదో ఊహించవచ్చు. తాపీ నది ముఖం మేట వేసింది. 1687లో కంపెనీ తన పశ్చిమ కేంద్రాన్ని బొంబాయికి తరలించింది. మచిలీపట్నానికి మద్రాసు ఏమి చేసిందో, సూరత్‌కు బొంబాయి అదే చేసింది.

ఆ నీడ విమానయుగంలోనూ తొలగలేదు. మగ్‌దల్లా వద్ద రాష్ట్ర ప్రభుత్వం 1970ల ఆరంభంలో విమానాశ్రయం నిర్మించినా, చిన్న సంస్థలు వచ్చాయి, పోయాయి. ముంబై చేరువలో ఉండగా సూరత్‌కు వేరే విమానమెందుకన్నది పాలకుల ధోరణి. 2001 జనగణన నాటికే జనాభా 24 లక్షలు దాటిన నగరమిది! 2003లో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ దీనిని చేపట్టింది. నిలకడైన సర్వీసు 2007లో గాని మొదలుకాలేదు. 2014 నవంబరులో ఢిల్లీ బయలుదేరిన స్పైస్‌జెట్ విమానం రన్‌వేపై గేదెను ఢీకొన్నది. ప్రయాణికులకు ప్రాణాపాయం తప్పింది గాని, ప్రహరీగోడ సంగతి దేశమంతటికీ తెలిసిపోయింది. ఆ సంస్థ కొంతకాలం సర్వీసులు నిలిపివేసింది.

నేటి టెర్మినల్ ఆ రోజులను మరిపిస్తుంది. రద్దీ వేళ 1,200 మంది దేశీయ, 600 మంది అంతర్జాతీయ ప్రయాణికులకు అందులో చోటుంది. ఏటికి 55 లక్షల మందిని పంపగల సామర్థ్యం. ముఖద్వారానికి పాత రాందేర్ ఇళ్ల కొయ్యపని పోలిక తెచ్చారు. రన్‌వే పొడవు 2,905 మీటర్లు. అయితే వేసూ వైపు లేచిన ఎత్తైన భవనాల మూలంగా ఆ దిక్కున దిగే విమానానికి ఆ నిడివి అంతా దక్కదు. వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. విమానాల దారిలో మేడలకు అనుమతులు ఎలా వచ్చాయన్నది టెర్మినల్ ప్రారంభసభల్లో వినిపించని ప్రశ్న.

ఇక సర్వీసుల విషయం. షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 2019 ఫిబ్రవరిలోనే ఎగిరింది. అంటే విమానం ముందు వచ్చింది, హోదా దాదాపు అయిదేళ్లకు వచ్చింది. తరువాత దుబాయ్, 2024 డిసెంబరులో బ్యాంకాక్ చేరాయి. గన్నవరం కథ దీనికి తలకిందులు. అక్కడ 2017లోనే హోదా దక్కింది. 2018 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం నష్టం భరిస్తానని పూచీపడితే గాని సింగపూర్ విమానం కదలలేదు. 2019లో ప్రభుత్వం మారింది, ఆ విమానమూ ఆగింది. మళ్లీ షార్జా సర్వీసు 2022 అక్టోబరు చివరలో గాని రాలేదు. వర్తకుల అవసరం పిలిచిన విమానానికి, ఖజానా పిలిచిన విమానానికి తేడా ఇదే.

సూరత్‌లో ఈ హోదాతో పెద్దగా నిమిత్తంలేని తెలుగువారున్నారు. తెలంగాణ జిల్లాల నుంచి తరలి వెళ్లిన పద్మశాలీలు లింబాయత్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడి, అక్కడి మరమగ్గాలను నడిపారు. హైదరాబాదుకు ఇండిగో విమానం వచ్చాక దూరం రెండు గంటలకు కుదించుకుపోయిందంటారు. మగ్గం కూలీతో బతికే కుటుంబం పండుగకు ఊరు రావాలంటే మాత్రం, అహ్మదాబాదు నుంచి వరంగల్ మీదుగా చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరుకుతుందా అనే చూస్తుంది.