నూలు ఎవరిది, చెయ్యి ఎవరిది?

నా కులం సర్టిఫికెట్ మీద 'నేతకాని' అని ఉంటది. మా ఇంట్లో మగ్గం లేదు, రాట్నం లేదు. పని పోయింది, పని పేరు కులమై మిగిలింది. షెడ్యూల్డు కులాల జాబితాలో మాతోపాటు 'మాల సాలె' అన్న పేరూ ఉంది. ముతక బట్ట నేసి ఊరికి కట్టబెట్టినోళ్ళ గుర్తులివి.

నేత సంగతి పుస్తకాల్లో ఎంతోకొంత దొరుకుతుంది. నూలు వడికిన మా ఆడోళ్ళ సంగతి దొరకదు. అది ఇంటి పని, కూలి లేని పని. అందుకే మా అవ్వ చెప్పింది రాస్తున్న.

పత్తి ఎండబెట్టి, పలక రాయి మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీసేటోళ్ళు. విల్లుతో దూది ఏకి, సన్నటి పుల్లకు చుట్టి, పుల్ల లాగేస్తే ఏకు తయారు. రాట్నం లేనింట్ల తకిలి ఉండేది. ఒక వెదురు పుల్ల, కింద బరువుకు గుండ్రంగ అరగదీసిన పెంకు బిళ్ళ, అంతే. ఒక చేత్తో పుల్ల తిప్పుతూ ఇంకో చేత్తో ఏకు లాగితే పోగు సాగుతుంది. మెలి తక్కువైతే తెగుతుంది, ఎక్కువైతే చుట్టుకొని ముడిపడుతుంది. పుల్ల నిండినంక బొటనవేలికీ మోచేతికీ చుట్టి చిలప కట్టాలె. పడుగు నూలుకు గంజి పెట్టాలె. "మగ్గం తాగినంక మిగిలిన గంజే బిడ్డా, మేం తాగేది" అనేది అవ్వ.

ఒక మగ్గం ఆగకుండ ఆడాలంటే నలుగురైదుగురు వడకాలె. పేరు మాత్రం నేసినోడిదే. ఆ బట్టనైనా ఊరోళ్ళు నీళ్ళు చల్లి తీసుకునేటోళ్ళట. నీళ్ళతో బట్టకు మైల పోయింది. వడికిన చేతికి పోలేదు.

రాట్నానికి చరిత్ర లేక కాదు. దక్కన్‌లో ఇసామీ 1350లో పారసీలో రాసిన 'ఫుతూహుస్సలాతీన్', మన దేశంలో రాట్నం ప్రస్తావించిన తొలి రాతల్లో ఒకటి. రజియా సుల్తానా గద్దెనెక్కడాన్ని తప్పుపట్టి, ఆడదానికి రాట్నమే తగినదని అందులో తీర్పు చెప్పాడు.

1921లో బెజవాడలో కూడిన కాంగ్రెసు కమిటీ దేశంలో 20 లక్షల రాట్నాలు ఆడించాలని తీర్మానించింది. 1924లో బెళగాంలో సభ్యత్వానికి నెలకు 2000 గజాల నూలు చందాగా పెట్టారు. వడకడం ఇష్టం లేనివాళ్ళు వేరేవాళ్ళు వడికిన నూలు ఇవ్వొచ్చన్నారు. ఇష్టంలేని పెద్దమనిషి నూలు ఏ చెయ్యి వడికింది? ఆ లెక్క ఏ రిజిస్టరులో రాశారు? వాళ్ళకు రాట్నం వ్రతం. మా అవ్వలకు బువ్వ.

మిల్లు నూలు అంతకుముందే ఊళ్ళకొచ్చింది. సమంగ, చవగ్గ వచ్చింది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు కూడా లేచింది. ఇంట్ల పోగు తీసే పని ఆగింది. నూలు కొనాలంటే షావుకారి కాడ అప్పు చెయ్యాలె. మగ్గం పోయినంక మనం బతుకు పోయిందంటున్నాం. బతుకు అంతకుముందే, నూలు చేతులు దాటిన నాడే, అప్పుల పాలైంది.

ఈనాడు ఆదిలాబాద్ నల్లరేగడిలో కనుచూపు మేర పత్తే. మా వాడల ఆడోళ్ళే ఏరుతున్నారు, కిలోకింతని కూలికి. ఆ పత్తిలోంచి ఒక్క పోగు కూడా వాళ్ళ చేతి మీదుగా రాదు. విద్యార్థులారా, మీ అవ్వలు బతికుండంగనే అడగండి. ఏకు, కదురు, చిలప అన్న మాటలతోపాటు ఎవరు వడికారో, కూలి ఎంత బాకీ ఉందో కూడా రాసుకోండి.