మన గూడెం కూడా ఊరే



హాస్టల్‌లో చేరే పిల్లల దరఖాస్తుల్లో ‘గ్రామం’ అన్న చోట చాలామంది పంచాయతీ పేరే రాస్తారు. సొంత గూడెం పేరు కనిపించదు. అడిగితే, “మాది హామ్లెట్ మేడమ్, ఊరు కాదు” అంటారు. ఈ హామ్లెట్ అన్న మాట ఎక్కడిదో, దాని వెనుక ఏముందో మీరు తెలుసుకోవాలి.

ఇది పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. దాని మూలంలో నివాసం అనే అర్థం ఉంది. మొత్తంగా చిన్న పల్లె అని భావం. ఇంగ్లండులో సొంత చర్చి ఉన్నదాన్ని విలేజ్ అని, లేనిదాన్ని హామ్లెట్ అని పిలవడం పాత వాడుక. హామ్లెట్ వాళ్ళు ప్రార్థనకు పక్క ఊరి చర్చికి వెళ్ళేవారు. ఇంకో ఊరికి అనుబంధం అన్న భావన అలా ఆ మాటకు అంటుకుంది.

మన దేశంలో ఆ తేడాను చర్చి కాదు, రెవెన్యూ రికార్డు నిర్ణయించింది. సర్వే చేసి, హద్దులు గీసి, భూములకు నంబర్లు ఇచ్చినది రెవెన్యూ గ్రామం. దాని పరిధిలో విడిగా ఉన్న ఇళ్ళు హామ్లెట్. తెలుగులో శివారు గ్రామం, మజరా అన్నారు. మజరా అరబ్బీ మాట, సాగుభూమి అని అర్థం. పోడు, నీటి ఊట, అడవి చూసుకుని విడివిడిగా వెలసిన మన గూడేలు, తండాలు, చెంచు పెంటలు చాలావరకు ఈ లెక్కలోకే వెళ్ళాయి.

మనవాళ్ళకు మాత్రం ఊరికి కొలత వేరు. గోండీలో ఊరిని ‘నార్’ అంటారు. పెద్దమనిషి, పూజారి, దేవత, పండుగ, తగువు తీర్చే కట్టుబాటు ఉంటే అది ఊరే. ఇరవై ఇళ్ళున్నా ఊరే.

1996లో వచ్చిన పెసా చట్టం ఈ కొలతనే ఒప్పుకుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఒక ఆవాసం గానీ హామ్లెట్ గానీ, లేదా అలాంటి కొన్ని కలిసి గానీ, తమ సంప్రదాయాల ప్రకారం తమ వ్యవహారాలు నడుపుకునే సముదాయమైతే అది గ్రామమేనని నాలుగో సెక్షన్ చెబుతుంది. ఆ గ్రామానికి సొంత గ్రామసభ ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసి, సర్వే కాని ఊళ్ళను, పాత ఆవాసాలను కూడా గ్రామాలుగానే లెక్కించింది. 2018లో తెలంగాణలో అనేక తండాలు, గూడేలు గ్రామపంచాయతీలయ్యాయి.

ఇది ఉత్త పేరు గొడవ కాదు. సభ పంచాయతీ కేంద్రంలోనే జరిగితే కొండ దిగి వచ్చే ముసలివాళ్ళు ఎందరు? అడవి మీద సామూహిక హక్కు అడిగేటప్పుడు ఏ వాగు వరకు మనదో చెప్పేది వాళ్ళే. పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే అటవీ హక్కుల నియమాలు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటాయి.

చదువుకున్న మీరు ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకుని మీ గూడెం పెద్దల దగ్గర కూర్చోండి. ఊరి పేరు ఎలా వచ్చింది, హద్దు వాగులేవి, గుట్టలేవి, మొదట వచ్చిన కుటుంబాలేవి అని అడిగి రాయండి. దరఖాస్తులో మీ గూడెం పేరు ముందు రాసి, పంచాయతీ పేరు ఆ తర్వాత రాయండి.