వరికి నిప్పు: అగ్గితెగులు కథ

కరీంనగరు, ఆదిలాబాదు పూర్వపు జిల్లాలలో వరి పండించువారికి అగ్గితెగులు అను పేరు క్రొత్తది కాదు. ఆకులపై నూలుకండె వంటి మచ్చలు పుట్టి, అవి కలిసిపోయి, మడి నిప్పంటుకొన్నట్లు ఎండిపోవును. అదే తెగులు వెన్ను మెడకు సోకినచో మెడవిరుపు అందురు. అప్పుడు గింజ పాలుపోసుకొనక తాలగును. ఏడాది కష్టము గడ్డిగా మిగులును.

ఇది కంటికానని శిలీంధ్రపు పని. 1637 నాటి చీనా గ్రంథమొకటి ఈ తెగులును వర్ణించినది. 1919లో తంజావూరు సీమలో ఇది పైరులను దెబ్బతీసినది.

మందుల కథ ద్రాక్షతోటలో మొదలైనది. 1885లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మిల్లార్డే మైలుతుత్తమును సున్నముతో కలిపి, ద్రాక్ష బూజుతెగులుకు విరుగుడుగా ప్రకటించెను. అదే బోర్డో మిశ్రమము. 1950 దశకమున జపానువారు వరిపై పాదరసపు మందు చల్లిరి. తెగులు తగ్గెను గాని, విషము గింజలో నిలుచుట తెలిసి, 1960 దశకము ముగియునప్పటికి దానిని విడిచిరి. 1970 దశకమున ట్రైసైక్లజోల్ వచ్చెను. శిలీంధ్రము ఆకును తొలుచుకొని లోనికి పోవుటకు నల్లని రంగుపదార్థ మొకటి కావలెను. ఈ మందు ఆ పదార్థము తయారగుటను ఆపును. అనగా ఇది దొంగను చంపు మందు కాదు, తలుపు మూయు మందు. మెడ విరిగిన పిమ్మట చల్లిన ఫలము లేదు.

మన సీమకు ఈ కథ ఎట్లు చేరినది? 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగరునకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. అటుపై కాకతీయ కాలువ కరీంనగరు వైపునకు, సరస్వతి కాలువ ఆదిలాబాదు వైపునకు నీరు తెచ్చినవి. చెరువుల క్రింది సేద్యమునకు కాలువల సేద్యము తోడై, యాసంగి వరి పెరిగినది, యూరియా పెరిగినది. 1986లో బాపట్ల నుండి వెలువడిన సాంబ మసూరి సన్నబియ్యము అందరి మన్నన పొందినది; కాని అగ్గితెగులుకు అది సులభముగా లొంగును. చల్లని రాత్రులు, మంచు, మితిమీరిన యూరియా కలిసినచో శిలీంధ్రమునకు పండుగే.

మందునకు ఎల్లలున్నవి. 2017లో ఐరోపా సమాజము బియ్యములో ట్రైసైక్లజోల్ అవశేషమును కిలోకు 0.01 మిల్లీగ్రాముకు పరిమితము చేయగా, మన ఎగుమతిదారులు కలత చెందిరి.

కావున మేము చెప్పునది ఒక్కటే. తట్టుకొను వంగడము, శుద్ధిచేసిన విత్తనము, కొలిచి వేసిన యూరియా మొదటి కాపలాదారులు; మందు చివరివాడు. ప్రొద్దుటనే గట్టుపై నడచి ఆకు చూచు రైతు, తొలి మచ్చనాడే ఆ చివరివానిని పిలువగలడు.