తడిసిన వరి గింజ కంకి మీదే మొలకెత్తకుండా ఏం చేయాలి?

కోనసీమలో సార్వా కోతల వేళకే తుపాన్లు వస్తుంటాయి. 1996 నవంబరు 6 నాటి తుపానును ఇక్కడి రైతులు మరచిపోలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోని పల్లపు చేలల్లో మురుగు త్వరగా లాగదు. పడిపోయిన పైరు కొద్ది రోజులు నీటిలో నానితే గింజ కంకి మీదే మొలకెత్తుతుంది.

గింజ లోపల జరిగేది

పక్వానికి వచ్చిన గింజ నానగానే మొలక భాగం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను విడుదలవుతుంది. దాని ప్రభావంతో తవుడు పొరలో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము తయారై, గింజలోని పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెరతో మొలక పెరుగుతుంది. పిండి తరిగిన గింజ తేలికవుతుంది, మరలో నూకవుతుంది.

ధాన్యాన్ని బట్టి తేడా

ఈ ఎంజైములు అన్ని ధాన్యాల్లో ఒకేలా ఉండవు. బార్లీ, గోధుమ గింజల్లో బీటా అమైలేజ్ ముందే నిల్వ ఉంటుంది. వరిలో అది మొలక మొదలయ్యాకే తయారవుతుంది. మొలకెత్తిన రాగుల్లో అమైలేజ్ బాగా ఉంటుంది. మొలక రాగి పిండితో కాచిన జావ పలచగా ఉండేది అందుకే. అంటే వరిలో మొలకను ఆపగలిగితే పిండి నిలుస్తుంది.

వరి రకాల్లోనూ తేడా ఉంది. నిద్రావస్థ ఉన్న రకాల గింజ పక్వమైన వెంటనే తడిసినా త్వరగా మొలకెత్తదు. నిద్రావస్థ లేని రకాలకు ముప్పు ఎక్కువ. విత్తనం కొనేటప్పుడే ఈ సంగతి అడగండి.

వాన వెలిసిన వెంటనే చేయవలసినవి

• బోదెలు తీసి చేలోని నీటిని మురుగు కాలువలోకి పంపాలి.
• పడిన పైరును నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టాలి.
• 5 శాతం ఉప్పు ద్రావణాన్ని కంకులపై, పనలపై పిచికారీ చేయాలి. లీటరు నీటికి 50 గ్రాములు, అంటే 200 లీటర్లకు 10 కిలోల ఉప్పు కలపాలి. మొలక కనబడక ముందే కొడితేనే ఫలితం. వచ్చిన మొలకను ఉప్పు వెనక్కి తీసుకుపోదు.
• పనలు నీటిలో ఉంటే గట్ల మీదకు చేర్చి, తిరగేసి ఆరబెట్టాలి.
• తడి ధాన్యాన్ని కుప్పగా వదలరాదు, పరదా కప్పి ఉంచరాదు. పలచగా పరచి తిరగేయాలి. కొనుగోలు కేంద్రానికి తేమ 17 శాతం మించకుండా తేవాలి.

విత్తనానికి ఉంచుకుంటే

మొలకెత్తిన ధాన్యాన్ని విత్తనానికి ఉంచుకోవద్దు. తడిసి ఆరిన ధాన్యమైతే, దాళ్వా నారుమడికి ముందు 100 గింజలను తడి గుడ్డలో కట్టి పరీక్షించండి. కనీసం 80 మొలిస్తేనే విత్తనంగా వాడండి.