లెక్కకు రాని చాకిరీ: ప్రత్యేక అవసరాలున్న బిడ్డ, తల్లిదండ్రుల శ్రమ

మేధో వైకల్యం ఉన్న బిడ్డను వైకల్య ధ్రువపత్రం కోసం సదరం క్యాంపుకు తీసుకెళ్తే, అక్కడ ప్రశ్నలు ఎక్కువగా ఎదురయ్యేది తల్లికే. తనంతట తాను అన్నం తింటాడా? బాత్రూంకి వెళ్లాలని చెప్పగలడా? చొక్కా గుండీలు పెట్టుకుంటాడా? వీధిలోకి ఒక్కడే వెళ్లి రాగలడా? ఎడ్గర్ డాల్ 1935లో రూపొందించిన వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ ఇలాంటి ప్రశ్నలతోనే నడుస్తుంది. ఎ.జె. మాలిన్ మన దేశానికి తగినట్టు మార్చిన రూపంలో 89 అంశాలున్నాయి. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు స్కోరు 36–54 మధ్య ఉంటే 75 శాతం, 21–35 మధ్య ఉంటే 90 శాతం వైకల్యంగా రాయాలన్నాయి. 40 శాతం ఉంటేనే పెన్షనూ, చాలా రాయితీలూ.

ఈ కొలతలో తప్పేమీ లేదు. కానీ ఆ జవాబుల కాగితాన్ని ఇంకో వైపు నుంచి చదివి చూడాలి. ‘చేసుకోలేడు’ అని తల్లి చెప్పిన ప్రతి చోటా, ఆ పనిని రోజూ ఎవరో ఒకరు చేసిపెడుతున్నారు. బిడ్డ లోటుగా నమోదైన ప్రతిదీ ఇంట్లో ఒక మనిషి పని. ప్రభుత్వం మొదటిదాన్ని శాతాల్లో రాసుకుంటుంది, రెండోదాన్ని ఎక్కడా రాసుకోదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మనం కట్టుకున్న చదువు, వైద్యం, పెన్షన్ ఏర్పాట్లన్నీ, పగలంతా ఖాళీగా ఒక మనిషి ఇంట్లో ఉంటుందన్న నమ్మకం మీదే నిలబడి ఉన్నాయన్నది ఈ వ్యాసం వాదన. ఆ మనిషి సాధారణంగా తల్లి.

పని అంటే ఏమిటో ఒక్క పూట భోజనంలో చూడవచ్చు. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి నమలడం, మింగడం కష్టం. పడుకోబెట్టి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల వైపు పోయే ప్రమాదం ఉంది. అది పదే పదే జరిగితే న్యుమోనియా. అందుకని నడుముకూ మెడకూ ఆసరా ఇచ్చి నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాలకుండా కాస్త ముందుకు పట్టుకోవాలి. పప్పన్నం ఉండల్లేకుండా మెదపాలి; మరీ పలచనైతే పొలమారుతుంది, మరీ గట్టిదైతే నోట్లోనే ఉండిపోతుంది. చెంచా నాలుక మీద ఆనించి, పెదవులు మూసుకునేదాకా ఆగి, గుటక పడిందో లేదో గొంతు చూసి తెలుసుకుని, అప్పుడు రెండో చెంచా. దగ్గు వస్తే ఆపాలి. ఒక పూటకు ముప్పావు గంట పట్టడం మామూలే. పక్కింటావిడకు అప్పజెప్పి పెళ్లికి వెళ్లొచ్చే పని కాదు ఇది. ఇదే పనిని క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టు చేస్తే చికిత్స అంటాం, ఫీజు కడతాం. వంటింట్లో తల్లి చేస్తే అన్నం పెట్టడం అంటాం.

కనిపించని పని ఇంకొకటి ఉంది, కాపలా. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు తలుపు తెరిచి ఉంటే చాలు, బయటికి పరుగెడతారు. వాహనాల భయం, నీటి భయం తెలియదు. కొందరికి రాత్రి నిద్ర సరిగా పట్టదు. అలాంటి ఇంట్లో తల్లి కూర చేస్తున్నా చెవి వీధి గడియ మీదే ఉంటుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసే ఆడవాళ్లు అందుకు రోజుకు సగటున 134 నిమిషాలు, మగవాళ్లు 76 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఇవి సగటులు. పన్నెండేళ్ల కొడుక్కి ఇంకా తానే స్నానం చేయించే తల్లీ, పన్నెండేళ్ల కొడుకును సైకిల్ మీద బడికి పంపే తల్లీ ఆ 134లో కలిసిపోతారు.

పరిశోధన కూడా ఈ శ్రమను ఆలస్యంగానే పట్టించుకుంది. మొదట్లో తల్లి మీద నింద. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ ఆటిజానికి తల్లి ప్రేమరాహిత్యాన్ని కారణంగా చూపాడు. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అంతకు ముందే, 1964లో, మూలం జీవసంబంధమైనదని వాదించినా ఆ నింద చాలాకాలం పోలేదు. మన ఇళ్లలో అది ‘ఏ జన్మలో ఏ పాపం చేసిందో’ అనే మాటగా ఇంకా వినిపిస్తుంది. 1962లో సైమన్ ఓల్షన్‌స్కీ, తల్లిదండ్రుల ఎడతెగని దుఃఖం జబ్బు కాదనీ, సహజమైన స్పందన అనీ రాశాడు. ఆ మాట ఎందరికో ఊరట. అయినా ఆయన ప్రశ్న కూడా మనసు గురించే, రోజువారీ చాకిరీ గురించి కాదు. తీవ్ర వైకల్యం ఉన్న కూతురిని పెంచిన తత్త్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో ‘లవ్స్ లేబర్’లో ఆ లోటు పూడ్చింది: ఒకరి మీద ఆధారపడిన వాళ్లను చూసుకునే మనిషికి, ఆ చూసుకునే పని వల్లనే, మరొకరి ఆసరా కావాలి, అది దయ కాదు, న్యాయం.

ఆ న్యాయం మన ఏర్పాట్లలో ఎంత ఉంది? విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటివద్దే చదువుకునే హక్కు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లోని భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులు (ఐఈఆర్‌పీలు) ఇళ్లకు వెళ్లి చెబుతారు కూడా. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. కానీ టీచర్ వెళ్లిపోయాక మిగతా రోజులు నేర్పించేది అమ్మే. ఫిజియోథెరపీ అయితే, ‘ఇంటిదగ్గర రోజూ చేయించండి’ అన్నదే సగం వైద్యం. కూలికి వెళ్లే తల్లికి ఆ మాట పాటించాలంటే కూలి పోగొట్టుకోవాలి. ఉద్యోగినికి సెలవు ఉండాలి. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, అరుదైన జన్యు వ్యాధి ఉన్న కొడుకు కోసం శిశు సంరక్షణ సెలవు అడిగి, సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో కోర్టు ఆమె వాదన విని, వైకల్యం ఉన్న పిల్లల తల్లుల విషయంలో సెలవు విధానాన్ని పునఃపరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. కూలి తల్లికి అడగడానికి అలాంటి సెలవే లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇక్కడ ఆశ కలిగిస్తుంది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా సంరక్షణ చూసేవారిని, తల్లిదండ్రులతో సహా, ‘సంరక్షకులు’గా సెక్షన్ 2 గుర్తించింది. అధిక ఆసరా అవసరమైన వారికి సంరక్షక భత్యం గురించి సెక్షన్ 24 చెప్పింది. కేరళ అంతకు ముందే ‘ఆశ్వాసకిరణం’ పేరిట సంరక్షకులకు నెలనెలా సాయం ఇచ్చే పథకం పెట్టింది. మొత్తం చిన్నదే, కానీ డబ్బు వెళ్లేది చాకిరీ చేసే మనిషికి. మనకు 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షన్ 6,000, మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయలు. ఈ పెంపు ఎన్నో ఇళ్లను నిలబెడుతోంది. అయితే అది బిడ్డ పేరున, బిడ్డ వైకల్యానికి వస్తుంది. సదరం పరీక్షలో తల్లి ఇచ్చిన జవాబుల పక్కనే, ఆ పనులు ఎవరు చేస్తున్నారు, రోజుకు ఎన్ని గంటలు అని మరో గడి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

‘మేం పోయాక వీడి గతేంటి?’ అన్న ప్రశ్న దగ్గర, చాకిరీని లెక్కించని ఈ లోపం బాగా బయటపడుతుంది. బిడ్డకు 18 నిండగానే చట్టం దృష్టిలో మేజర్. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ నాయకత్వంలోని స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. ఆ గార్డియన్ ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా జమాఖర్చులు చూపాలి. ఆస్తికి ఈ జాగ్రత్త అవసరమే. కానీ చాలామంది పిల్లలకు రాసివ్వడానికి ఆస్తి ఉండదు. ఉన్నదల్లా తల్లికి ఇరవై ఏళ్లలో పట్టుబడిన నేర్పు. మూర్ఛ వచ్చే ముందు కళ్లు ఎలా మారతాయి, ఏ మందు ఏ కూరలో కలిపితే తింటాడు, కోపం వస్తే ఎవరి గొంతుకు తగ్గుతాడు. అవి కాగితంతో బదిలీ కావు. కాబట్టి గార్డియన్‌గా రాబోయే తమ్ముడో, మేనమామో, సంస్థ కార్యకర్తో తల్లిదండ్రులు ఉండగానే కొన్ని నెలలు ఆ పని పంచుకోవాలి, పంచుకున్నన్ని రోజులకు భత్యం అందాలి. నియామకానికి ముందు కమిటీ అడగవలసిన మొదటి పత్రం, ఆ పని పంచుకున్నారన్న రుజువే.