కొడవలి రేవు

సిసిలీ దీవి ఈశాన్య కొసన మెస్సీనా అనే రేవు పట్నం ఉంది. మ్యాపులో ఒక్కసారి చూడండి. ఒడ్డు నుంచి సన్నటి నేలపట్టీ సముద్రంలోకి చొచ్చుకుపోయి, వంపు తిరిగి, మళ్లీ ఊరివైపే మొన చూపిస్తుంది. అచ్చం వరి కోసే కొడవలి. ఆ వంపు లోపల నీళ్లు నిలకడగా ఉంటాయి. పడవల వాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

క్రీ.పూ. 8వ శతాబ్దంలో గ్రీకులు ఇక్కడ స్థిరపడినప్పుడు ఊరి పేరు జాంక్లే. ముందు వచ్చినవాళ్లు ఇటలీ తీరంలోని క్యూమే నుంచి దిగిన సముద్రపు దొంగలని చరిత్రకారుడు తూసిడిడీస్ రాశాడు. తర్వాత ఖాల్కిస్ నుంచీ, యుబోయియా దీవిలోని మిగతా చోట్ల నుంచీ జనం వచ్చారు. పేరు సంగతీ ఆయనే చెప్పాడు: దీవిలో అంతకుముందే ఉన్న సికెల్ జనం కొడవలిని 'జాంక్లోన్' అనేవారట.

నాకు ముచ్చట గొలిపేది ఇదే. గ్రీకులకు కొడవలికి సొంతమాట లేకపోలేదు. 'డ్రెపనోన్' ఉంది. అదే సిసిలీ పడమటి కొసన ఇంకో కొడవలి వంపు రేవుకు పేరైంది, ఇప్పటి త్రాపని అదే. ఇక్కడ మాత్రం స్థానికుల మాటే నిలిచింది. తర్వాత పురాణమూ వచ్చి చేరింది. క్రోనోస్ తన తండ్రి యురేనస్ మీద దూసిన కొడవలి ఈ నేలలోనే దాగి ఉందని కథ.

ఆ ఊరి పాత వెండి నాణెం ఒకటి ఉంది. కొడవలిలా వంగిన రేవు, దాని లోపల ఈదుతున్న డాల్ఫిన్, పక్కన 'డాంక్లే' అని అక్షరాలు. 'జాంక్లే' కాదు, స్థానిక ఉచ్చారణ నాణెం మీదికీ ఎక్కింది. పేరు, పటం, అర్థం, మూడూ బొటనవేలి గోరంత వెండిలో ఇమిడిపోయాయి.

క్రీ.పూ. 494లో మిలేటస్ పర్షియన్ల చేతికి చిక్కాక, సామోస్ దీవి వాళ్లు కొందరు పడమటికి పారిపోయి వచ్చారు. వాళ్లను పిలిచింది జాంక్లే వాళ్లే. ఊళ్లో మగవాళ్లు యుద్ధానికి వెళ్లిన సమయం చూసి, ఎదుటి ఒడ్డున రేగియోన్‌ను ఏలే అనక్సిలాస్ ఎగదోస్తే, వచ్చిన చుట్టాలు ఇల్లే ఆక్రమించారు. కొన్నాళ్లకు అనక్సిలాస్ వాళ్లనూ వెళ్లగొట్టి, గ్రీసులోని తన పూర్వికుల సీమ పేరు మీద ఊరికి మెస్సేనే అని పేరు పెట్టాడు. డోరియన్ల యాసలో అది మెస్సానా, ఇప్పుడు మెస్సీనా. రేవు ఆకారం చెప్పే పేరు పోయి, ఎక్కడో ఉన్న సీమను తలచుకునే పేరు వచ్చింది. నన్నడిగితే నష్టమే.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో మామెర్టైన్లు అనే కిరాయి సైనికులు ఊరిని ఆక్రమించి, క్రీ.పూ. 264లో రోము సాయం అడిగారు. మొదటి ప్యూనిక్ యుద్ధం అలా మొదలైంది.

ఆ నేలపట్టీ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు దాని మొన మీద మేరీమాత విగ్రహం ఉంది. ఊరివాళ్లు ఆ ప్రాంతాన్ని 'జోనా ఫాల్కాతా' అంటారు. ఇటాలియన్‌లో 'ఫాల్చే' అంటే కొడవలి.