తలుపు మీద నోటీసు

(మనుషులు, మాటలు కల్పితం. మిర్చి ధర, చట్టం, తీర్పు వాస్తవం.)

తలుపుకి అంటించిన కాగితాన్ని ముందు చూసింది పాలవాడు. అక్క బయటికొచ్చేసరికి నలుగురు చేరి చదువుతున్నారు. ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుందట, దాని మీద ఎవరూ లావాదేవీలు చేయకూడదట. కారంపూడి అప్పటికే కార్తీక అమావాస్య సందడిలో ఉంది. వీరాచారవంతులు ఆయుధాలతో వీరుల గుడికి చేరుకుంటున్నారు. పల్నాటి వీరుల ఉత్సవాలకని ఖతార్ నుంచి తమ్ముడు రేపు దిగుతున్నాడు.

ఇల్లు తమ్ముడిది. బ్యాంకు లోనుతో కట్టి, ఎలక్ట్రీషియన్ పనికి దోహా వెళ్తూ తాళాలు అక్కాబావల చేతిలో పెట్టాడు.

"మనలో మనకు కాగితాలెందుకు బావా? నెలనెలా డబ్బులు పంపుతా. మీరు అద్దె ఆరు వేలు కలిపి ఈఎంఐ కట్టండి, చాలు."

బ్యాంకుకు మాత్రం చెప్పలేదు. అనుమతి లేకుండా అద్దెకివ్వకూడదన్న షరతు లోను కాగితాల్లోనే ఉంది. సంతకాలు పెట్టే హడావిడిలో అదెవరు చదివారు?

రెండేళ్లు సాఫీగా సాగింది. 2025 మొదట్లో మిర్చి ధర కూలింది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసి మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. బావ కౌలుకు వేసింది నాలుగెకరాలు. వచ్చిన సొమ్ము కోత కూలీలకు, కౌలుకే సరిపోయింది. పురుగుమందుల కొట్టతను రోజూ ఇంటి ముందు బండి ఆపడం మొదలెట్టాడు. ఆ నెల తమ్ముడు పంపిన డబ్బు కొట్టు బాకీకి పోయింది. వచ్చే నెల సర్దుదామనుకున్నాడు బావ. వచ్చే నెలా సర్దలేకపోయాడు.

కిస్తీ 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కలో అది మొండి బాకీ. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువిచ్చి నోటీసు పంపుతుంది. తమ్ముడి ఇండియా సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. నోటీసేమో ఆయన పేరున ఈ ఇంటికే వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంది అక్క. బావ దాన్ని మడిచి బీరువాలో పట్టుచీరల కింద పెట్టాడు.

"పత్తి తీతలవగానే కట్టేస్తా. వాడికి చెప్పమాక."

తలుపు మీద కాగితం పడ్డాక అక్క బ్యాంకుకు పరుగెత్తింది. "మేం అద్దెకుంటున్నాం సార్, ఉన్నపళంగా ఎట్లా పొమ్మంటారు?"

"అగ్రిమెంటు ఉందామ్మా? రిజిస్టరైందా?"

లేదు. రిజిస్టరు పత్రం లేని నోటిమాట అద్దెకు ఏడాదికి మించి రక్షణ ఉండదని బజరంగ్ శ్యాంసుందర్ అగర్వాల్ కేసులో 2019లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు ముందు అక్క అద్దెదారు కాదు, అక్క కూడా కాదు.

ఉత్సవాల మొదటి రోజు, రాచగావు నాడు తమ్ముడు దిగాడు. మర్నాడు వీరుల గుడి దగ్గర రాయబారం ఘట్టం, ఇంట్లో పంచాయితీ.

"డబ్బు పోయిందని కాదక్కా. నాలుగు నెలలు కాగితం బీరువాలో పెట్టుకుని, ప్రతి ఆదివారం వీడియో కాల్లో 'తిన్నావా' అని అడిగావు చూడు, అదీ నాకు బాధ."

"చెబితే మీ బావను మాటంటావు. చెప్పకపోతే నీ ఇల్లు పోద్ది. నన్నేం చేయమంటావురా?"

వేలం ప్రకటన రాకముందే బకాయంతా కడితే ఖాతా మళ్లీ గాడిన పడుతుందన్నారు బ్యాంకువాళ్లు. తమ్ముడు తెచ్చుకున్న సొమ్ము, అక్క నానుతాడు మీద వచ్చిన అప్పు కలిపి కట్టారు. ఇకమీదట ఈఎంఐ తమ్ముడి ఖాతా నుంచే పోతుంది. అద్దె ఆయన ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు వస్తుంది. విదేశంలో ఉన్నవాడికి అద్దె కట్టేవాళ్లు పన్ను (టీడీఎస్) కోసి జమ చేయాలని నరసరావుపేట ఆడిటరు చెబితేనే తెలిసింది.

బ్యాంకు అనుమతి తీసుకుని అగ్రిమెంటు రాయించాలన్న దగ్గర తమ్ముడు నీళ్లు నమిలాడు. "సొంత అక్కతో అగ్రిమెంటా? ఊరు నవ్వుద్ది బావా."

"తలుపుకి నోటీసు అంటించిన రోజే నవ్వారు. ఇంక నవ్వడానికేముంది, రాయించు" అన్నాడు బావ.